దూరం నుంచి రాబిట్‌ఎంక్యూ క్లస్టర్ నడపడం, పడితే లేపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమీషన్ కొట్లకీ, కోల్డ్ స్టోరేజీలకీ, విజయవాడ ఆటోనగర్ లారీ ఆఫీసులకీ సాఫ్ట్‌వేర్ చూసే చిన్న బృందాల కోసం రాసిన పేజీ ఇది. కాటా దగ్గర పుట్టిన చీటీ బిల్లు అయ్యేదాకా, గేటు పాసు అయ్యేదాకా, రైతు ఫోనుకి ఎస్సెమ్మెస్‌గా చేరేదాకా మెసేజ్ క్యూలోనే, అంటే ఒక ప్రోగ్రామ్ పంపింది ఇంకోటి తీసుకునేదాకా నిలిచే వరసలోనే, ఉంటుంది. ఆ క్యూలని నడిపే సాఫ్ట్‌వేరే రాబిట్‌ఎంక్యూ. సర్వర్లు ఒక ఊళ్లో ఉంటాయి, చూసుకునేవాళ్లు ఇంకో ఊళ్లో ఉంటారు. క్యూ ఆగితే కాటా ఆగదు, మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతూనే ఉంటాయి. అందుకే ఫోను రాగానే చెయ్యి కీబోర్డు మీదికి తొందరగా పోతుంది. చెడిపోవడం వల్ల పోయే మెసేజీల కన్నా ఆ తొందరలో కొట్టిన కమాండ్ల వల్ల పోయేవే ఎక్కువ.

కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాశాం. టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. క్లస్టర్ అంటే కలిసి ఒకటిగా పనిచేసే రాబిట్‌ఎంక్యూ సర్వర్ల గుంపు, నోడు అంటే అందులో ఒక్కో సర్వర్. ఉదాహరణకి మూడు నోడ్లున్న క్లస్టర్ తీసుకున్నాం. నోడ్ల పేర్లు మిర్చి రకాలవే: తేజ, ఆర్మూరు, బాడిగ.

ఈ జవాబులు ఏ వెర్షన్‌కి?

3.13కీ, 4 వరుసకీ. 3.8 కన్నా పాతది నడుపుతుంటే ఇక్కడ చెప్పిన కోరమ్ క్యూలు, అంటే మెసేజ్ కాపీలు పలు నోడ్ల మీద ఉంచే క్యూలు, మీ దగ్గర ఉండవు. ముందు దాన్ని పైకి తెచ్చుకోండి.

అసలు మాకు క్లస్టర్ కావాలా?

చాలామందికి అక్కర్లేదు. ఒక మంచి సర్వర్, ఒకదాని కాపీ ఇంకోదాంట్లో ఉండే అద్దం డిస్కులు రెండు, యూపీఎస్ ఉండి, అరగంట ఆగినా కొంప మునగదు అనుకుంటే ఒక్క నోడే మేలు. క్లస్టర్ పెడితే ఒక మెషీన్ పోయినా పని సాగుతుంది గానీ, చీలిక (నోడ్లు ఒకదాన్నొకటి చూడలేకపోవడం), కుకీ (నోడ్ల ఉమ్మడి రహస్య పదం), మెజారిటీ లాంటి కొత్త తలనొప్పులు వస్తాయి. వాటిని చూసుకునే మనిషి లేకపోతే మూడు మెషీన్లున్నా ఉపయోగం లేదు.

రెండు నోడ్లతో సరిపెట్టుకోవచ్చా?

వద్దు. కోరమ్ క్యూ నడవాలంటే సగం కన్నా ఎక్కువ కాపీలు బతికుండాలి. రెండింట్లో సగం కన్నా ఎక్కువంటే రెండూ. ఒకటి పడితే క్యూ ఆగుతుంది, అంటే ఒక్క నోడు కన్నా అధ్వాన్నం. మూడుంటే ఒకటి పోయినా నడుస్తుంది, అయిదుంటే రెండు పోయినా నడుస్తుంది. నాలుగు పెట్టినా ఒకటి పోవడాన్నే తట్టుకుంటుంది, నాలుగోదాని ఖర్చు దండగ.

రెండు నోడ్లు విజయవాడలో, ఒకటి గుంటూరులో పెడితే మంచిదే కదా?

వినడానికి బాగుంటుంది. ముప్పై అయిదు కిలోమీటర్లకి కాంతి ఆలస్యం లెక్కలోకి రాదు, మన బాధ తీగతో. రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగుతుంది, మళ్లీ అతుకుతుంది, మధ్యలో నాలుగైదు సార్లు పోయి వస్తుంది. నోడ్లు ఒకదాన్నొకటి పలకరించుకునే గడువు మామూలుగా 60 సెకన్లు. అవతలి నోడు పోయిందని తేల్చడానికి 45 నుంచి 75 సెకన్లు పడుతుంది. లింకు ఆ లెక్క చుట్టూ ఊగుతుంటే క్లస్టర్ రోజంతా విడిపోతూ కలుస్తూ ఉంటుంది.

క్లస్టర్ మూడు నోడ్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. గుంటూరులో విడిగా ఒక చిన్న సర్వర్ పెట్టి, కాటా కంప్యూటర్లు దానికే పంపేట్టు చేయండి. అక్కణ్ణుంచి విజయవాడకి షవల్ ప్లగిన్, అంటే ఒక క్యూలోంచి తీసి ఇంకో చోట వేసేది, మెసేజీలని తోడుతుంది. షవల్‌లో అంగీకార పద్ధతి ‘ఆన్-కన్‌ఫర్మ్’ అని ఉండాలి. అప్పుడు అవతలి క్లస్టర్ ‘అందింది’ అన్నాకే ఇవతల క్యూలోంచి మెసేజ్ పోతుంది. లింకు రెండు గంటలు తెగినా చీటీలు గుంటూరు డిస్కు మీద భద్రంగా ఉంటాయి, తీగ కలిశాక బారు కడతాయి. చీటీ ఒకటి 4 కిలోబైట్లు అనుకుంటే పది లక్షల చీటీలకి సుమారు 4 గిగాబైట్లు. ఆ డిస్కు పెద్దదేమీ అవసరం లేదు.

దూరం నుంచి లోపలికి ఎలా వెళ్లాలి? ఏ పోర్టులు తెరవాలి?

బయటి ఇంటర్నెట్‌కి ఒక్కటే తెరవండి: వైర్‌గార్డ్ వీపీఎన్ పోర్టు. మామూలుగా అది యూడీపీ 51820. మిగతావన్నీ వీపీఎన్ లోపలే. 5672 అప్లికేషన్లకి, 5671 అదే టీఎల్‌ఎస్ మీద, 15672 వెబ్ కన్సోల్‌కి, 4369, 25672 నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి.

చివరి రెండింటి దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. 25672కి చేరగలిగి, కుకీ తెలిసినవాడు ఆ మెషీన్ మీద రాబిట్‌ఎంక్యూ యూజర్ పేరుతో ఏ కోడైనా నడపగలడు. అందుకే ల్యాప్‌టాప్ మీద కుకీ పెట్టుకుని అక్కణ్ణుంచి ‘-ఎన్’ తో నోడు పేరిచ్చి కమాండ్లు కొట్టే అలవాటు మంచిది కాదు. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆ నోడు మీదికే వెళ్లి కొట్టండి. వెబ్ కన్సోల్ కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ ‘-ఎల్ 15672:లోకల్‌హోస్ట్:15672’ సొరంగం చాలు.

సొరంగంలో ఒక మెలిక ఉంది. ‘గెస్ట్’ యూజర్ అదే మెషీన్ మీద నుంచి తప్ప లోపలికి రాలేడని అందరూ ధీమాగా ఉంటారు. సొరంగంలోంచి వచ్చేవాడు సర్వర్ కంటికి అదే మెషీన్ వాడిలాగే కనిపిస్తాడు, గెస్ట్ పనిచేస్తుంది. మొదటి రోజే ఆ యూజర్‌ని తీసేయండి.

సైట్‌లో ఉన్నది 4జీ రూటర్ అయితే దానికి పబ్లిక్ ఐపీ దాదాపు రాదు, బయటి నుంచి పిలిస్తే పలకదు. సైట్ వైపు నుంచే వీపీఎన్ మొదలవ్వాలి. వైర్‌గార్డ్‌లో ‘పర్సిస్టెంట్‌కీప్‌అలైవ్’ 25 సెకన్లు పెడితే దారి మూసుకుపోకుండా ఉంటుంది. రెండో దారి, అంటే వేరే కంపెనీ సిమ్‌తో ఇంకో రూటర్, పెట్టుకోండి. సర్వర్‌లో ఐడ్రాక్, ఐలో లాంటి దూరపు కన్సోల్ ఉంటే దాని తీగ ఆ రెండో రూటర్‌కే కట్టండి. ఒకే స్విచ్‌కి రెండూ కడితే ఆ స్విచ్ పోయిన రోజు రెండూ పోతాయి.

ఫైర్‌వాల్ మార్చి నన్ను నేనే బయట పెట్టుకున్నాను. ఇలా కాకుండా ఏం చేయాలి?

మార్చే ముందు పాత నియమాలు ఫైల్లో దాచి, పది నిమిషాల తర్వాత వాటినే వెనక్కి తెచ్చే పని ‘యట్’ కమాండ్‌తో పెట్టండి. మార్చాక కొత్త టెర్మినల్ తెరిచి లోపలికి రాగలిగితే ఆ పని రద్దు చేయండి. రాలేకపోతే టీ తాగి రండి, అదే సర్దుకుంటుంది. పాత సెషన్ నడుస్తోంది కదా అని నమ్మొద్దు. అప్పటికే కలిసున్న కనెక్షన్‌ని చాలా ఫైర్‌వాల్స్ తెంపవు.

‘ఆథెంటికేషన్ ఫెయిల్డ్’, కుకీ చూడమంటోంది. ఏ కుకీ?

నోడ్లన్నిటికీ ఒకే రహస్య పదం ఉండాలి. సర్వర్ చదివేది /వార్/లిబ్/రాబిట్‌ఎంక్యూ లో ఉన్న .ఎర్లాంగ్.కుకీ ఫైలు. కమాండ్లు చదివేది కమాండ్ నడిపే యూజర్ హోమ్ ఫోల్డర్లోది. సర్వర్ బాగానే ఉంటుంది, మీ కమాండ్ మాత్రం వేరే కుకీ పట్టుకుని తలుపు కొడుతుంది. ఫైలు యజమాని రాబిట్‌ఎంక్యూ యూజరే కావాలి, అనుమతి 400 ఉండాలి. రాబిట్‌ఎంక్యూ-డయాగ్నస్టిక్స్ ఎర్లాంగ్_కుకీ_సోర్సెస్ కొడితే కుకీ ఎక్కణ్ణుంచి తీసుకుంటోందో చూపిస్తుంది. కుకీ మార్చాల్సి వస్తే నడుస్తున్న క్లస్టర్‌లో ఒక్కో నోడుకి మార్చడం కుదరదు, అన్నీ ఆపి మార్చాలి.

రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చింది. మొదట ఏం చేయాలి?

రీస్టార్ట్ చేయకండి. నడుస్తున్న నోడు చెప్పగలిగే సంగతులు చాలా ఉంటాయి, రీస్టార్ట్‌తో అవి పోతాయి.

ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లగానే టీమక్స్ తెరవండి. మధ్యలో మీ నెట్ పోయినా కొట్టిన కమాండ్ సగంలో చావదు. తర్వాత హోస్ట్‌నేమ్ కొట్టి ఏ మెషీన్ మీదున్నారో కళ్లతో చూసుకోండి. మూడు నల్ల కిటికీలు తెరిచి ఉన్నప్పుడు బాడిగ అనుకుని తేజ మీద కమాండ్ కొట్టడం ఎంతసేపు. ప్రాంప్ట్‌కి ఒక్కో నోడుకి ఒక్కో రంగు పెట్టుకోవడం పిల్లచేష్టలా అనిపిస్తుంది గానీ బాగా పనికొస్తుంది.

ఇక వరసగా: డిస్కులో చోటు, ఐనోడ్లు (ఇంకా ఎన్ని ఫైళ్లు పడతాయో చెప్పే లెక్క), మెమరీ. తర్వాత రాబిట్‌ఎంక్యూ-డయాగ్నస్టిక్స్ పింగ్, అంటే రాబిట్‌ఎంక్యూకి ఆధారమైన ఎర్లాంగ్ ప్రాణంతో ఉందా. తర్వాత చెక్_రన్నింగ్, అంటే దాని లోపల రాబిట్‌ఎంక్యూ లేచిందా. పింగ్ పలికి చెక్_రన్నింగ్ పలకలేదంటే లేస్తూ మధ్యలో ఆగిందన్నమాట. తర్వాత రాబిట్‌ఎంక్యూసీటీఎల్ క్లస్టర్_స్టేటస్. ఇది మూడు నోడ్ల మీదా విడివిడిగా కొట్టండి. ఒక నోడు చెప్పేది దానికి కనిపించిన లోకం మాత్రమే. తేజ ‘ముగ్గురం ఉన్నాం’ అని, బాడిగ ‘నేనొక్కడినే’ అని చెబితే రోగం అక్కడే దొరికింది. ఆ జవాబులో నడుస్తున్న నోడ్లు, అలారాలు, నెట్‌వర్క్ చీలికలు అనే మూడు భాగాలు చదివితే చాలు.

లాగ్ /వార్/లాగ్/రాబిట్‌ఎంక్యూ లో ఉంటుంది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మన టైముకి 5 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. రాత్రి 2:00 సంఘటన లాగ్‌లో ముందు రోజు 20:30 దగ్గర దొరుకుతుంది.

కరెంటు పోయి మూడు నోడ్లూ ఆగాయి. కరెంటొచ్చినా లేవట్లేదు. లాగ్‌లో మ్నీసియా టేబుల్స్ కోసం వెయిటింగ్ అని వస్తోంది.

ఇది జబ్బు కాదు, నోడు తీసుకునే జాగ్రత్త. మ్నీసియా అంటే క్యూలు, యూజర్ల లెక్క నోడ్లు రాసుకునే డేటాబేస్. ఆగే ముందు ఎవరు చివరిదాకా ఉన్నారో వాళ్ల దగ్గరే తాజా లెక్క ఉంటుంది. ముందే ఆగిన నోడు లేచి, ‘నా తర్వాత ఏం జరిగిందో చెప్పేవాళ్లు రావాలి’ అని కూర్చుంటుంది. ఒక్కో ప్రయత్నానికి 30 సెకన్లు, పది ప్రయత్నాలు, మొత్తం అయిదు నిమిషాలు. లాగ్‌లో ‘9 రిట్రైస్ లెఫ్ట్’ అని దిగుతూ వచ్చే అంకె అదే. ఆలోగా మిగతావి రాకపోతే లోపం చూపించి ఆగుతుంది.

చేయాల్సింది మూడింటినీ ఆ అయిదు నిమిషాల్లోపే లేపడం. వరస ఏదైనా ఫర్వాలేదు. ‘ముందు తేజ పూర్తిగా లేచాక ఆర్మూరు మొదలుపెడదాం’ అని ఒక్కోదాని దగ్గర కాచుకుని కూర్చుంటేనే చిక్కు. తేజ చివరిగా ఆగిన నోడు కాకపోతే అది ఎప్పటికీ పూర్తిగా లేవదు.

మూడూ మొదలైనా ఒకదాన్నొకటి చూడలేకపోతే పేర్లు చూడండి. కరెంటొచ్చాక రూటర్ కొత్త ఐపీలు పంచి ఉంటుంది, హోస్ట్స్ ఫైల్లో పాతవే ఉంటాయి. సర్వర్లకి ఐపీ కదలకుండా కట్టేయండి. బయాస్‌లో కరెంటు తిరిగొస్తే దానంతటదే ఆన్ అయ్యే అమరిక కూడా ఇప్పుడే చూసుకోండి. అది లేకపోతే విజయవాడలో కూర్చుని గుంటూరులో బటన్ నొక్కలేరు.

4 వరుసలో మ్నీసియా బదులు ఖెప్రి వాడుతుంటే ఈ ‘చివరివాడు’ లెక్క ఉండదు. మెజారిటీ లేస్తే చాలు, అంటే మూడింట్లో రెండు.

ఫోర్స్_బూట్ కొడితే వెంటనే లేస్తుందట కదా?

లేస్తుంది. ‘ఎవరికోసమూ ఆగకు, నీ దగ్గరున్నదే నిజమనుకో’ అని చెప్పడం అది. చివరిగా ఆగిన నోడు డిస్కు కాలిపోయి ఇక రాదని తేలితేనే కొట్టాలి. ఆ నోడు రేపు బాగై తిరిగొస్తే దాని లెక్కా దీని లెక్కా కలవవు. ఆ నోడు కరెంటు లేకే ఆగి ఉంటే, యూపీఎస్ బ్యాటరీ మార్చేదాకా ఆగగలిగితే ఆగండి. ఇది మ్నీసియాకి చెందిన కమాండ్, ఖెప్రికి కాదు.

క్లస్టర్ చీలింది. ఏ సగాన్ని ఉంచాలి?

కోరమ్ క్యూలైతే మీరు ఎంచుకునేదేమీ లేదు. మెజారిటీ ఉన్న వైపు నడుస్తుంది, రెండో వైపు ఆగుతుంది, తీగ కలిశాక వెనకబడినది అందుకుంటుంది. చిక్కంతా క్లాసిక్ క్యూలతో (కోరమ్ కాని పాత రకం), పాత మ్నీసియాతో.

క్లస్టర్_పార్టిషన్_హ్యాండ్లింగ్ అనే అమరికలో ఏమీ రాయకపోతే ‘ఇగ్నోర్’ ఉంటుంది. అంటే రెండు వైపులా ఎవరి దారి వాళ్లది, తీగ కలిసినా వాటంతటవి కలవవు. ‘పాజ్_మైనారిటీ’ పెడితే తక్కువమంది ఉన్న వైపు తనే ఆగి, తీగ కలిశాక తనే లేస్తుంది. మూడు నోడ్లకి ఇదే పెట్టండి. రెండు నోడ్లుంటే ఇది పెట్టకండి. సగానికి సగం మెజారిటీ కాదు గనక రెండూ ఆగుతాయి. ‘ఆటోహీల్’ తనే గెలిచిన వైపుని ఎంచుకుని ఓడిన వైపుని రీస్టార్ట్ చేస్తుంది, ఓడిన వైపు చేరిన మెసేజీలు పోతాయి. డబ్బు లెక్కలున్న చోట ఇది వద్దు.

‘ఇగ్నోర్’ మీదుండగా చీలితే పద్ధతి ఇది. ఏ వైపు క్యూల్లో మెసేజీలు ఎక్కువున్నాయో, ఏ వైపుకి అప్లికేషన్లు కట్టుబడి ఉన్నాయో చూసి ఒక వైపుని నమ్మండి. రెండో వైపు క్యూల్లో ఉన్నవి కావాలంటే దాన్ని ఆపక ముందే షవల్‌తోనో చిన్న స్క్రిప్ట్‌తోనో బయటికి తోడుకోండి. అప్పుడు నమ్మని వైపు నోడ్లన్నీ ఆపి, మళ్లీ లేపండి, అవి నమ్మిన వైపు చేరతాయి. చివర్లో నమ్మిన వైపువి కూడా ఒక్కోటి రీస్టార్ట్ చేస్తే చీలిక హెచ్చరిక పోతుంది. ఇందులో ఎక్కడా ‘రీసెట్’ లేదని గమనించండి.

కాటా ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది. లోపం ఏదీ చూపించట్లేదు. సర్వర్ నడుస్తూనే ఉంది.

అలారం మోగి ఉంటుంది. ఒక్క నోడు మీద మెమరీ హద్దు దాటినా, డిస్కులో చోటు హద్దు కిందికి దిగినా, క్లస్టర్ మొత్తం మీద పంపేవాళ్లందరినీ ఆపుతుంది. తీసుకునేవాళ్లు మాత్రం తీసుకుంటూనే ఉంటారు. ఆపడమంటే లోపం తిప్పి పంపడం కాదు, కనెక్షన్ మీద చదవడం మానేయడం. ప్రోగ్రామ్ వైపు నుంచి చూస్తే రాసిన మాట గాల్లో ఆగిపోయినట్టుంటుంది. మెసేజ్ పంపే కనెక్షన్, తీసుకునే కనెక్షన్ వేరుగా ఉంచమనేది ఇందుకే. ఒకే కనెక్షన్ వాడితే తీసుకునే పని కూడా ఆగి, క్యూ ఖాళీ అయ్యే దారే మూసుకుంటుంది.

డిస్కు హద్దు రాయకపోతే 50 మెగాబైట్లు. ఇది మరీ తక్కువ, అలారం మోగేలోపే డిస్కు నిండిపోతుంది. మెమరీకి ఒకటిన్నర రెట్లు పెట్టండి: 8 గిగాబైట్ల ర్యామ్‌కి 12 గిగాబైట్లు. మెమరీ హద్దు 3 వరుసలో 40 శాతం, 4లో 60 శాతం. సెట్_విఎం_మెమరీ_హై_వాటర్‌మార్క్ తో నడుస్తుండగానే కాస్త పెంచి ఊపిరి పోయొచ్చు. అయితే రీస్టార్ట్‌తో అది పోతుంది, ఫైల్లో కూడా రాయాలి.

డిస్కు నిండితే ఖాళీ చేయాల్సింది పాత లాగ్‌లు, సిస్టమ్ జర్నల్, ఎవరో మర్చిపోయిన బ్యాకప్ ఫైళ్లు. రాబిట్‌ఎంక్యూ డేటా ఫోల్డర్లో పెద్ద ఫైలు కనిపించింది కదా అని చేత్తో తీసేస్తే అది చీటీల కట్టని చింపినట్టే, ఆ నోడు మళ్లీ లేవకపోవచ్చు కూడా. తర్వాత తీసుకునే ప్రోగ్రాములు ఎందుకు వెనకబడ్డాయో చూడండి. అసలు కారణం తొంభై పాళ్లు అక్కడే ఉంటుంది: ఎస్సెమ్మెస్ గేట్‌వే పలకదు, కన్స్యూమర్ దాని కోసం నిలబడుతుంది, వెనక బారు పెరుగుతుంది.

క్యూలో మెసేజీలు ‘అన్‌యాక్డ్’ అని ఉన్నాయి, రెడీలోకి రావట్లేదు.

ఎవరో తీసుకుని ‘అయింది’ అని చెప్పలేదు. ముందస్తుగా ఎన్ని ఇవ్వాలో చెప్పే ప్రీఫెచ్ పెట్టకపోతే హద్దే ఉండదు, ఒక్క కన్స్యూమర్ క్యూ మొత్తాన్ని ఒళ్లో పోసుకుని కూర్చుంటుంది. ముందు 20, 50 లాంటి అంకెతో మొదలుపెట్టండి. ఆ కన్స్యూమర్‌ని రీస్టార్ట్ చేస్తే అవన్నీ రెడీలోకి వస్తాయి, సర్వర్ జోలికి పోనక్కర్లేదు. ‘అయింది’ చెప్పడానికి మామూలు గడువు 30 నిమిషాలు. దాటితే సర్వరే ఆ చానల్‌ని మూసేస్తుంది.

ఇలా వెనక్కొచ్చిన మెసేజ్ రెండోసారి వెళ్తుంది. మొదటిసారే బిల్లు రాసి, ‘అయింది’ చెప్పేలోపు పడిపోయి ఉంటే ఇప్పుడు అదే కాటాకి రెండో బిల్లు పడుతుంది. చీటీ నంబరుని డేటాబేస్‌లో ఒక్కసారే పడేట్టు కట్టేయండి. దీనికి క్యూ వైపు మందు లేదు.

బాడిగ డిస్కు పూర్తిగా పోయింది. కొత్త మెషీన్ ఎలా చేర్చాలి?

ముందు బతికున్న తేజ మీద రాబిట్‌ఎంక్యూ-క్యూస్ ష్రింక్ రాబిట్@బాడిగ కొడితే కోరమ్ క్యూల సభ్యుల జాబితాలోంచి అది పోతుంది. తర్వాత రాబిట్‌ఎంక్యూసీటీఎల్ ఫర్గెట్_క్లస్టర్_నోడ్ రాబిట్@బాడిగ.

కొత్త మెషీన్‌కి కొత్త పేరు పెట్టండి, సన్నం అనుకుందాం. పాత పేరే పెట్టాలని చాలామందికి ఉంటుంది. కానీ ఖాళీ డిస్కుతో వచ్చిన నోడుని మిగతావాళ్లు పాత సభ్యుడే అనుకుంటే, ఓటేసిన సంగతి మర్చిపోయినవాడు మళ్లీ ఓటేసినట్టవుతుంది. కోరమ్ లెక్కకి అది ప్రమాదం. అదే రాబిట్‌ఎంక్యూ వెర్షన్, అదే ఎర్లాంగ్ వెర్షన్, అదే కుకీ, మూడు మెషీన్ల హోస్ట్స్ ఫైళ్లలో కొత్త పేరు. ఇవయ్యాక కొత్త మెషీన్ మీద, మళ్లీ హోస్ట్‌నేమ్ చూసుకుని:

1. రాబిట్‌ఎంక్యూసీటీఎల్ స్టాప్_యాప్
2. రాబిట్‌ఎంక్యూసీటీఎల్ రీసెట్
3. రాబిట్‌ఎంక్యూసీటీఎల్ జాయిన్_క్లస్టర్ రాబిట్@తేజ
4. రాబిట్‌ఎంక్యూసీటీఎల్ స్టార్ట్_యాప్

ఈ పేజీలో రీసెట్‌కి చోటున్నది ఇక్కడే, అదీ ఆ మెషీన్ ఖాళీ గనక. చేరినంత మాత్రాన క్యూల కాపీలు దాని మీదికి రావు. రాబిట్‌ఎంక్యూ-క్యూస్ గ్రో రాబిట్@సన్నం ఆల్ కొడితేనే వస్తాయి. ఇది మర్చిపోతే మూడు నోడ్లు కనిపిస్తూనే ఉంటాయి, క్యూలకి మాత్రం రెండే కాపీలు. పాత డిస్కు ఎప్పుడో బాగై బాడిగ లేస్తే, ‘నేను క్లస్టర్‌లో ఉన్నాను’ అని అది, ‘నువ్వెవరో తెలియదు’ అని మిగతావి వాదులాడుకుని అది ఆగిపోతుంది. ఆ డిస్కుని తుడిచి పక్కన పెట్టండి.

మూడింట్లో రెండు శాశ్వతంగా పోతే?

కోరమ్ క్యూలు ఆగిపోతాయి, మిగిలిన ఒక్కటీ తనంతట తను నడపదు. దాని డేటా ఫోల్డర్‌ని, సర్వీస్ ఆపి, మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. తర్వాతే ఏ ప్రయత్నమైనా. బతికున్న కాపీలో తాజా మెసేజీలు కొన్ని లేకపోవచ్చు, అందుకే సాఫ్ట్‌వేర్ దాన్ని తనంతట నమ్మదు.

అసలు రెండు ఒకేసారి ఎందుకు పోతాయి? రెండు నోడ్లు ఒకే పెద్ద సర్వర్ మీద వర్చువల్ మెషీన్లుగా ఉంటే. మూడూ ఒకే యూపీఎస్ మీదుంటే. మూడూ ఒకే గదిలో నేల మీదుంటే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. నేల అంతస్తులో రాక్ ఉన్న చోట మూడు కాపీలైనా నీళ్లకి ఒకటే లెక్క. రాక్ పై అంతస్తులో, నీటి ట్యాంకు కిందా ఏసీ కారే చోటా కాకుండా పెట్టండి. కింది రెండు అడుగులు ఖాళీ వదలండి.

మెషీన్ పేరు మార్చాక క్యూలు, యూజర్లు అన్నీ మాయమయ్యాయి.

మాయం కాలేదు. డేటా ఫోల్డర్ పేరు నోడు పేరుతో ఉంటుంది. పేరు మారితే అది కొత్త నోడు, కొత్త ఖాళీ ఫోల్డర్. పేరు వెనక్కి మార్చి లేపండి, అన్నీ ఉంటాయి.

బ్యాకప్ ఎలా?

రోజూ క్రాన్‌లో రాబిట్‌ఎంక్యూసీటీఎల్ ఎక్స్‌పోర్ట్_డెఫినిషన్స్ పెట్టి, ఆ ఫైలుని వేరే ఊళ్లో దాచండి. అందులో యూజర్లు, విహోస్టులు (క్యూలని విడదీసి పెట్టే గదులు), క్యూలు, బైండింగులు, పాలసీలు ఉంటాయి. మెసేజీలు ఉండవు. మెసేజీలతో సహా కావాలంటే నోడు ఆపి ఫోల్డర్ కాపీ తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు నోడు పేరు అదే ఉండాలి. మూడు కాపీలుండటం బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున క్యూని పర్జ్ చేస్తే మూడు చోట్లా ఒకేసారి ఖాళీ అవుతుంది.

వెర్షన్ పెంచేటప్పుడు అప్లికేషన్లు ఆపాలా?

ఒక్కో నోడు చొప్పున చేస్తే అక్కర్లేదు. ఆపబోయే నోడు మీద రాబిట్‌ఎంక్యూ-క్యూస్ చెక్_ఇఫ్_నోడ్_ఈజ్_కోరమ్_క్రిటికల్ కొట్టండి. ఇప్పుడు దీన్ని ఆపితే ఏదైనా క్యూ మెజారిటీ పోతుందా అని చెబుతుంది. పోతుందంటే ఆపొద్దు, మిగతావి అందుకునేదాకా ఆగండి. తర్వాత రాబిట్‌ఎంక్యూ-అప్‌గ్రేడ్ డ్రెయిన్. కనెక్షన్లు పక్క నోడ్లకి పోతాయి. వెర్షన్ పెంచి లేపి, మళ్లీ అన్నీ కుదుటపడ్డాక రెండోది. మూడూ అయ్యాక రాబిట్‌ఎంక్యూ-క్యూస్ రీబ్యాలెన్స్ కోరమ్, లేకపోతే క్యూల నాయకత్వమంతా ముందు లేచిన నోడ్ల మీదే పోగుపడి ఉంటుంది.

4.0కి వెళ్లాలంటే 3.13 మీదుగానే వెళ్లాలి. బయల్దేరే ముందు ఫీచర్ ఫ్లాగ్‌లన్నీ (కొత్త సౌకర్యాల స్విచ్‌లు) ఆన్ చేయాలి, లేకపోతే కొత్త వెర్షన్ లేవనే లేవదు. 4.0లో పాత మిర్రర్డ్ క్యూలు (నోడ్ల మీద కాపీలుండే క్లాసిక్ క్యూలు) లేవు. వాటిని అక్కడికక్కడే కోరమ్‌గా మార్చడం కుదరదు. కొత్త విహోస్ట్‌లో కోరమ్ క్యూలు పెట్టి, పాతవాటిలోవి షవల్‌తో తోడాలి. అప్లికేషన్ కోడ్‌లో క్యూ రకం మార్చడం మరిచిపోతే 406, ప్రీకండిషన్ ఫెయిల్డ్ అని వస్తుంది. ఈ పనికి ముహూర్తం మిర్చి సీజన్ అయ్యాక. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా యార్డు కిటకిటలాడేటప్పుడు ఎంత చిన్న మార్పయినా శనివారానికి వాయిదా వేయండి.

సైట్‌లో కంప్యూటర్ తెలియని మనిషి ఒక్కరే ఉన్నారు. ఫోన్లో ఏం చెప్పి చేయించాలి?

ఇది ముందే సిద్ధం చేసుకోవాలి. ప్రతి మెషీన్ మీద ముందూ వెనకా పెద్ద తెలుగు అక్షరాలతో పేరు అంటించండి: తేజ, ఆర్మూరు, బాడిగ. తీగ రెండు చివర్లా అదే పేరు. ‘సర్వర్ వన్’ అంటే వాచ్‌మన్‌కి ఏదో ఒకటే, ‘బాబాయ్, తేజ అని రాసిన పెట్టె దగ్గర నుంచో’ అంటే పొరపాటుండదు. వీడియో కాల్ పెట్టించి ముందు లైట్లు చూపించమనండి. ఏమీ ముట్టుకోవద్దని మొదటే చెప్పండి.

బటన్ నొక్కాల్సి వస్తే రెండు తేడాలు విడమరిచి చెప్పాలి. ఒక్కసారి నొక్కి వదిలితే సర్వర్ పద్ధతిగా ఆగుతుంది, అది పూర్తవడానికి రెండు మూడు నిమిషాలైనా పట్టొచ్చు. నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే కరెంటు పీకినట్టే. చాలామంది మొదటిది నొక్కి, వెంటనే ఆగలేదని రెండోది చేస్తారు. ‘నొక్కి వదిలెయ్ బాబాయ్, పచ్చ లైటు ఆరేదాకా చూస్తూ ఉండు, ఆరాక చెప్పు’ అనండి, ఫోను పెట్టేయకండి.